పరగడుపు బిళ్ళ

మార్చి 5, బుధవారం

ఉపవాసాలు మొదలు. ఈస్టరు దాకా నలభై దినాలు, పొద్దు గూకేవరకు మంచినీళ్ళు, టీ — అంతే. పెళ్ళయిన ఏటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. ఈ ఏడూ తప్పదు.

సుత్తి బరువుగా ఉంది. అదే సుత్తి. బండ మీద నాలుగు అక్షరాలు కొట్టి కూర్చున్నాను. బండలకు పాలిషు పట్టే ఓబులేసు చూశాడు. "దావీదన్నా, నువ్వు సుత్తి ఎత్తుతాండావా, సుత్తి నిన్ను ఎత్తుతాందా?" వాడి నోటికి తాళం లేదు. లేచి ఇంకో రెండు అక్షరాలు కొట్టాను. వాడు చూస్తున్నాడని కొట్టాను. మళ్ళీ కూర్చున్నాను. చాలాసేపు.

మార్చి 7

మోకాళ్ళు. కుడి భుజం. టీతో నొప్పి బిళ్ళ వేసుకున్నాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. దాంతో ఉపవాసం చెడదు, బిళ్ళ తిండి కాదు గదా. బిళ్ళ లేకుంటే గొంతుక్కూర్చోలేను, గొంతుక్కూర్చోకుంటే బండ మీద అక్షరం పడదు. మెడికల్ షాపు వాడు చీటీ అడగడు. నన్ను చూడగానే కత్తెర తీస్తాడు.

పని మీద పని. అన్నీ సమాధి బండలే. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన, ఆ లోపల బండ నిలబెట్టాలని అందరికీ. చచ్చినవాళ్ళను ఏడాదంతా మరిచిపోయి ఈ నలభై దినాల్లో గుర్తు తెచ్చుకుంటారు.

మార్చి 9, ఆదివారం

గుడి మెట్లు ఎక్కితే గుండె దడదడ. ఉన్నవి ఐదారు మెట్లు.

పాస్టరు అయ్యగారు అందరి ముందరా — "పెద్దయ్యా, ముసలోళ్ళకూ చంటిపిల్లలకూ ఉపవాసం చెప్పలేదు." "నన్ను చంటిపిల్లల్లో కలపద్దయ్యా" అన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు. ఊపిరి అందలేదు.

మార్చి 12

పొద్దు గూకినాక పచ్చిబియ్యం నములుతుంటే మా ఇంటిది సుందరమ్మ పట్టుకుంది. "ఏందయ్యా, నీళ్ళోసుకున్న ఆడదాని మాదిరి బియ్యం బొక్కుతాండావ్?"

ఎందుకో తెలీదు. బియ్యం చూస్తే నోరు ఊరుతోంది. బండ మీద నీళ్ళు చల్లితే లేచే వాసన కూడా... నాకాలనిపిస్తుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

వాకిట్లోకి లాక్కొచ్చి, కంటి కింద రెప్ప కిందికి లాగి చూసింది. ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండే మనిషి కాదు.

మార్చి 13

చెప్పులు వేసుకోవడానికి వంగితే కళ్ళు చీకట్లు.

మార్చి 16, ఆదివారం, నంద్యాల

నిన్న ఇక్కడ బండ దింపే పని ఉండి వచ్చాను. పొద్దుపోయి కూతురి ఇంట్లోనే నిలిచాను. కరుణ ఇక్కడ బడిలో టీచరు.

తెల్లవారి వాళ్ళ మరుగుదొడ్డికి పోయాను. తెల్ల పింగాణీ, పైన లైటు. మా ఊరు ఆళ్ళగడ్డలో నేను చీకటితోనే చెంబు తీసుకొని వంక గట్టుకు పోతాను. ఇంట్లో కట్టించింది ఆడవాళ్ళ కోసం. నేను అందులోకి పోను, ఎవరు చెప్పినా పోను. చీకట్లో పోయి చీకట్లో వచ్చేవానికి ఏం కనపడుతుంది.

ఈరోజు కనపడింది.

నలుపు. రోడ్డుకు పోసే తారు మాదిరి. జిగట. ఆ వాసన కూడా మామూలు వాసన కాదు. నీళ్ళు పోశాను. మళ్ళీ పోశాను. గోడ పట్టుకొని నిలబడ్డాను.

బయటికి వస్తే కరుణ — "ఏం నాయనా, ఇంతసేపు?"

"నీ ఇంట్లో గడియ సరిగ్గా పడదు" అన్నాను.

మార్చి 17

ఎవరికీ చెప్పలేదు.

రాగిసంగటి వల్ల అనుకుందాం. కానీ పుట్టినప్పటి నుంచి తినేది అదే.

మా అన్న యోహాను కూడా మొదట ఇట్లాగే తెల్లబడ్డాడు. ముఖం మైనం మాదిరి అయింది. కడుపులో గడ్డ అన్నారు. కర్నూలు పెద్దాసుపత్రికి నడిచి పోయినవాడు, ట్రాక్టరులో పడుకొని వచ్చాడు. వాని బండ నేనే కొట్టాను. వాని మలం ఏ రంగులో ఉండేదో ఎవడు అడిగాడు అప్పుడు.

మార్చి 18

పని. బిళ్ళ. పని.

మార్చి 20

పడ్డాను.

ఉయ్యాలవాడ సరోజమ్మ టీచరు వాళ్ళ ఆయన బండ. బైబిల్లోది పెద్ద వచనం ఇచ్చింది, బండ నిండా రాయాలి. రెండో వరుస మొదలుపెట్టి, ఉలి మార్చుకుందామని లేచాను. తర్వాత ఓబులేసు ముఖం పైన ఉంది, ఆకాశం దాని వెనక. "అన్నా, ఏసుప్రభువును పిలుద్దునా, ఆటోను పిలుద్దునా?" అంటున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ వాడి చేతులు చల్లగా ఉన్నాయి.

మార్చి 21, నంద్యాల

కరుణ వినలేదు. ప్రైవేటు ఆసుపత్రి. లేడీ డాక్టరు, మా కరుణ కంటే చిన్నది. గోళ్ళు చూసింది, నాలుక చూసింది, రెప్ప లాగింది. నెత్తురు తీసుకున్నారు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. ఒంట్లో నెత్తురు ఆరున్నర అంట. పన్నెండు పదమూడు ఉండాలంట.

"పెద్దాయనా, ఈ రక్తంతో మీరు బండలు కొడుతున్నారా?"

"కొడుతున్నా."

"ఏవైనా మందులు వాడుతున్నారా?"

"నాకు బీపీ లేదు, షుగరు లేదు. ఏ మందూ వాడను." నిజమే చెప్పాను.

"మలం నల్లగా ఏమైనా పోతోందా?"

కరుణ పక్కనే నిలబడి ఉంది. కన్నకూతురు. దాని ముందర ఏం చెప్పాలి.

"లేదు" అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంది. రాస్తూనే — "మీ వయసు మగవాళ్ళకు రక్తం ఊరికే తగ్గదు. తినేదాంట్లో తక్కువైనా కావచ్చు, ఎక్కడో పోతూనైనా ఉండవచ్చు. పోయేది ఎక్కువగా కడుపులో నుంచే, పేగుల్లో నుంచే. అది మనకు తెలియకుండా కొంచెం కొంచెంగా పోతుంది. నోట్లో నుంచి గొట్టం వేసి చూడాలి."

నెత్తురు తక్కువైతే నెత్తురు ఎక్కించండి, కడుపుతో ఏం పని, అన్నాను. ఈస్టరు అయినాక చూద్దాం అన్నాను. ఆమె కరుణ వైపు చూసింది. కరుణ నా వైపు చూసింది.

మార్చి 22

రెండు సీసాల నెత్తురు. మా అల్లుడు, అల్లుడితో పనిచేసే ఒక పిల్లోడు ఇచ్చారంట నా పేరు మీద. ఎవరిదో నెత్తురు చుక్క చుక్కగా నా చేతిలోకి దిగుతుంటే చూస్తూ పడుకున్నాను. జీవితంలో ఒకరి పని ముట్టు కూడా అడిగి తీసుకోలేదు నేను.

ఆ పిల్లోని పేరు అడగాలి.

మార్చి 23, ఆదివారం

ఇంటికి వచ్చాము. ఇనుము బిళ్ళలు ఇచ్చారు, దినానికి రెండు. తిండి తిన్న వెంటనే టీ తాగొద్దంట, ఒంటికి ఇనుము పట్టనివ్వదంట. ఇనుము బిళ్ళకు మలం నల్లగా పోతుంది, భయపడొద్దు అని కరుణ ముందరే చెప్పింది డాక్టరమ్మ.

ఉపవాసం మానమని కూడా చెప్పింది. అది వినలేదు నేను. పొద్దు గూకినాక రెండు బిళ్ళలూ కలిపి వేసుకుంటాను.

మార్చి 24

ఒంట్లో బలం వచ్చింది. నిజంగా వచ్చింది. మెట్లు ఎక్కాను, దడ లేదు. సరోజమ్మ టీచరు బండ మీద రెండో వరుస పూర్తి. ఓబులేసు — "ఎవురి నెత్తురో గానీ మంచి పనోనిదప్పా."

మోకాళ్ళ నొప్పి మాత్రం నెత్తురుతో పోలేదు. పొద్దున నొప్పి బిళ్ళ, టీ.

మార్చి 26

టార్చి తీసుకొని పోయాను వంక గట్టుకు. ఈ వయసులో ఈ పని.

నలుపే.

ఇనుము బిళ్ళకు అట్లా పోతుందని చెప్పింది గదా. సుందరమ్మకు కూడా అదే చెప్పాను — "డాక్టరమ్మ చెప్పింది, నల్లగా పోతుందంట." ఆమె నిమ్మళపడింది.

నేను పడలేదు. ఇనుము బిళ్ళ నోట్లో పడకముందే నల్లగా ఉండింది. ఆ సంగతి నాకొక్కనికే తెలుసు.

మార్చి 30, ఆదివారం

ఓబులేసు వాళ్ళ ఉగాది. స్టీలు గిన్నెలో పచ్చడి తెచ్చాడు. పొద్దు గూకినాక తింటానంటే — "మీ దేవుడు సాయంత్రం దాకా పస్తుపెడితే మా దేవుడు పొద్దున్నే చేదు తినిపిస్తాడు, ఇద్దరూ ఇద్దరేలే" అన్నాడు.

సాయంత్రం తిన్నాను. కడుపులో పైభాగాన నిప్పు పెట్టినట్టు. మజ్జిగ తాగితే సర్దుకుంది. తింటే తగ్గుతుంది, ఖాళీగా ఉంటే మండుతుంది. ఇది ఈ ఏడు కొత్తగా వచ్చింది కాదు. కిందటి ఏడూ ఉండింది. ఉపవాసం అంటే మండకుండా ఉంటుందా అనుకున్నాను.

ఏప్రిల్ 2

సుత్తి మళ్ళీ బరువు.

ఏప్రిల్ 4

ఈ డైరీ ఎరువుల అంగడి వాళ్ళు ఇచ్చింది. బడికి పోయినవాణ్ణి కాదు నేను. అక్షరాలు బండ మీద వచ్చాయి నాకు — చచ్చినవాళ్ళ పేర్లు కొట్టి కొట్టి. కాగితం మీద రాస్తే చెయ్యి తేలిపోతున్నట్టు ఉంటుంది. ఈరోజు ఇంకా ఎక్కువ తేలిపోతోంది.

సుందరమ్మ రాత్రి అన్నం పెడుతూ నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని గోళ్ళు చూసింది. చెంచా మాదిరి గుంటపడ్డాయి. "చెప్పు" అంది. ఏం చెప్పాలి అన్నాను. "చెప్పాల్సింది ఏదో ఉండాది. నీ ముఖంలో ఉండాది." చారు పోయమన్నాను.

ఏప్రిల్ 7, సోమవారం, నంద్యాల

మళ్ళీ పరీక్ష. ఏడు. ఎక్కించిన నెత్తురంతా యాడికి పోయింది? డాక్టరమ్మ అడిగింది అదే. ఇనుము బిళ్ళలు సరిగా మింగుతున్నారా అని అడిగింది. మింగుతున్నాడు, నేను దినామూ ఫోను చేసి అడుగుతాండా అని కరుణ.

"కరుణా, కిందికి పోయి నీళ్ళ బాటిలు తెచ్చిపెట్టుమ్మా" అన్నాను.

"ఈడ ఉండాయి గదా నాయనా నీళ్ళు."

"చల్లనివి తే."

పోయింది. తలుపు వేసినాక చెప్పాను. డాక్టరమ్మ ముఖం చూడలేదు, బల్ల మీద కాగితాలపై పెట్టిన గాజు గుండును చూస్తూ చెప్పాను. ఇనుము బిళ్ళలకు ముందే నల్లగా పోయిందని. తారు మాదిరి అని. మొన్న అబద్ధం చెప్పానని.

ఆమె కోపపడలేదు. కోపపడితే బాగుండు. "నొప్పి ఉందా కడుపులో?" ఖాళీగా ఉంటే మండుతుంది. "మోకాళ్ళు ఎట్లున్నాయి? బండ పని అంటే నొప్పులు ఉండాలి గదా?" ఉన్నాయి. "వాటికి ఏం చేస్తున్నారు?"

"బిళ్ళ వేసుకుంటా."

పెన్ను కింద పెట్టింది. "ఏ బిళ్ళ?"

చొక్కా జేబులో ఉంది, తీసి చూపించాను. "ఇది మందు కాదా పెద్దాయనా?"

"ఒంటినొప్పుల బిళ్ళ. మెడికల్ షాపులో ఇస్తారు. మందు అంటే మీరు రాసిచ్చేది గదా."

"ఎన్నాళ్ళ నుంచి?" రెండు మూడేండ్ల నుంచి. "తిన్నాకా, తినకముందా?"

"ఉపవాసం. టీతో."

"ఉపవాసంలో మాత్ర వేసుకోవచ్చా?"

"తిండి కాదు గదా" అన్నాను.

అట్ట తిప్పి పేరు చదివింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ బిళ్ళ కడుపు లోపలి పొరను తింటుందంట. కడుపులో అన్నం ఉన్నా తింటుందంట, లేకుంటే ఇంకా సులువు. పుండు పడుతుంది. పుండు నుంచి నెత్తురు ఊరుతుంది. ఆ నెత్తురు కడుపులోనే అరిగి, నల్లగా మారి, బయటికి పోతుంది. అందుకే తారు. మేము ఒక పక్క ఎక్కిస్తుంటే ఇంకో పక్క అది తీసేస్తోంది, అంది.

దేవుని కోసం కడుపు ఖాళీ పెట్టి, ఆ ఖాళీలో నేనే నిప్పు పోసుకున్నానన్నమాట.

"పుండేనా?" అని అడిగాను. మా అన్న సంగతి చెప్పాను.

"గొట్టం వేసి చూస్తేనే తెలుస్తుంది" అంది.

కరుణ నీళ్ళు తెచ్చింది. చల్లగా ఉన్నాయి. తాగాను. "వేయండి గొట్టం" అన్నాను దాని ముందరే.

ఏప్రిల్ 9, నంద్యాల

వేశారు. గొంతులో ఏదో కొట్టారు, నాలుక మొద్దుబారింది. పక్కకు పడుకోబెట్టారు. ఉలి పట్టే చేతులు మంచం కమ్మీని పట్టుకున్నాయి. కక్కు, కన్నీళ్ళు, చొల్లు. ఒక నర్సు పిల్ల భుజం మీద చెయ్యి వేసి "అయిపోయింది తాతా, అయిపోయింది" అంటూనే ఉంది. అయిపోలేదు. చాలాసేపు అయిపోలేదు.

పుండు ఉంది. పెద్దదే. డాక్టరమ్మ టీవీలో చూపించింది. నా కడుపు లోపల ఎర్రగా, తడిగా, మధ్యలో తెల్ల గుంట, గుంటలో నల్ల మచ్చ. "ఇదే కారుతోంది." మాత్రల వల్ల పడినదే అయి ఉండాలి, ఎక్కువ అట్లాగే ఉంటుంది, అంది. తర్వాత — "కానీ కడుపులో ఈ చోట పుండు, మీ వయసు, మీ అన్నయ్య... అంచు నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపాను. పది దినాలు పట్టొచ్చు."

మళ్ళీ ఒక సీసా నెత్తురు. ఈసారి ఎవరిదో అడగలేదు.

సాయంత్రం కాకముందే కరుణ రాగిజావ తెచ్చింది. గ్లాసు పట్టుకొని కూర్చున్నాను. "తాగు నాయనా. దేవుడు చూస్తాండాడంటావా? చూడనీ. నేనూ చూస్తాండా."

తాగాను. పెళ్ళయినప్పటి నుంచి మొదటిసారి, పొద్దు ఉండగానే.

ఏప్రిల్ 11

నొప్పి బిళ్ళ బంద్. సుత్తి బంద్. పుండుకు మందు, ఇనుము బిళ్ళ. మూడు పూటలా తినాలి.

సుందరమ్మకు పుండు అని మాత్రం చెప్పాము. ముక్క సంగతి చెప్పొద్దన్నాను కరుణతో. "ఎన్ని దాస్తావ్ నాయనా?" అంది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

గుడిలో అందరికీ తెలుసు. ఎట్లా తెలుస్తుందో. నా వయసువాడే ఒకడు చేతిలో ఈతమట్ట ఊపుతూ, "ఏం దావీదూ, ఈ ఏడు ఉపవాసాల మధ్యలోనే విస్తరి ముందు కూర్చుంటివే?" అన్నాడు. ఇంకొకప్పుడైతే ఒక మాట అనేవాణ్ణి. ముక్క ఎక్కడుందో, ఏ సీసాలో ఉందో, ఎవరు చూస్తున్నారో... అదే ఆలోచన. పాట అయిపోయి అందరూ కూర్చున్నా నేను నిలబడే ఉన్నానంట.

ఏప్రిల్ 15

పని దగ్గర నాకు కుర్చీ వేశారు. సుద్దతో అక్షరాలు నేను గీస్తే ఓబులేసు కొడుతున్నాడు. వానికి పాలిషు వచ్చుగానీ ఉలి రాదు. దీర్ఘాలు పొట్టివి పడుతున్నాయి. కేకలేస్తే — "చచ్చినాయన చదువుకోడులే అన్నా." ఆయన భార్య చదువుతుంది రా, టీచరమ్మ, ఎర్ర పెన్నుతో దిద్దుతుంది అన్నాను. ఇద్దరమూ నవ్వాము. నవ్వితే కడుపు పట్టుకుంది. వెంటనే భయం. ఇప్పుడు ఏది నొప్పి, ఏది ఊరికే, తెలియడం లేదు.

ఏప్రిల్ 16

మలం రంగు కొంచెం తేటపడినట్టుంది. పగలు పోతున్నాను ఇప్పుడు, ఇంట్లో దానికే. సుందరమ్మ చూసి, బకెట్టు నిండా నీళ్ళు పెట్టి పోయింది.

తేటపడితే పుండు మానుతున్నట్టా? గడ్డ అయితే తేటపడదా? అడగడానికి ఎవరున్నారు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

మోకాళ్ళు తట్టుకోలేనట్టు ఉన్నాయి. ఆరాధనలో మూడు గంటలు కూర్చొని లేస్తే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఇంటికి వచ్చి ఉలుల సంచి దులిపితే పాత బిళ్ళల అట్ట ఒకటి. నాలుగు ఉన్నాయి. చేతిలో పెట్టుకొని కూర్చున్నాను. ఒక్కటి అనుకున్నాను. అన్నం తిన్నాను గదా అనుకున్నాను.

అట్టతో సహా పొయ్యిలో వేశాను. కంపు. సుందరమ్మ తిట్టింది.

ఏప్రిల్ 19, శనివారం

పొద్దున్నే కరుణ ఫోను. రిపోర్టు వచ్చిందంట.

"ఏం రాసినారమ్మా?"

"నేను వస్తాండా నాయనా. వచ్చి చెప్తా."

"ఫోనులో చెప్పు."

"తిన్నావా?"

"తిన్నా. చెప్పు."

"బస్సు ఎక్కుతాండా నాయనా" అని పెట్టేసింది.

రేపు ఈస్టరు. ఎట్లయినా వచ్చేదే గదా అది. పండక్కి వస్తోంది. అంతే కావచ్చు.

చిన్నప్పుడు పరీక్ష పాసయితే వీధి మొదట్లో నుంచే అరుచుకుంటూ వచ్చేది. తప్పితే ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, నా పక్కన కూర్చొని, మెల్లగా చెప్పేది.

కానీ ఇప్పుడు పెద్దదయింది. బస్టాండులో మంది మధ్య ఉంది. అరవదు గదా.

సుందరమ్మ రేపటి మాంసానికి కారం నూరుతోంది. "ఎవురు ఫోను?" అంది.

"బండలోళ్ళు."

"పండగ ముందర దినం కూడా వదలరా నిన్ను?"

బస్సు దిగే లోపల ఈమెకు చెప్పాలి. ముక్క తీశారని, పంపారని, దాచామని. చెప్పకపోతే కూతురి నోటి నుంచి ఇద్దరమూ ఒక్కసారే వింటాము. అప్పుడు ఎవరిని ఎవరు పట్టుకోవాలి.

రోలు దగ్గరికి పోయాను. నిలబడ్డాను. ఉప్పు డబ్బా అందించమంది. అందించి వచ్చాను.

మళ్ళీ పోయాను.

"ఏందయ్యా, పిల్లి మాదిరి తిరుగుతాండావ్. చెప్పు, ఏంది?" కారం చేతులు కొంగుకు తగలకుండా పైకి పట్టుకొని నా ముఖంలోకి చూస్తోంది.

"చేతులు కడుక్కొని రా" అన్నాను. "కూర్చో."

నీళ్ళ చప్పుడు. కడుక్కుంటోంది—